బయోఇన్ఫర్మాటిక్స్‌లో ఎమ్మెస్సీ చేయనా, బీఈడీలో చేరనా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక పల్లె. శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి బీఎస్సీ జువాలజీ మూడో ఏడాది చదువుతున్నాను. ఇంటర్ బైపీసీ. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మా పెదనాన్న కిడ్నీ జబ్బుతో పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నారు. మా వీధిలోనే ఇంకా ఇద్దరున్నారు. ఎమ్మెస్సీ బయోఇన్ఫర్మాటిక్స్ చదివి, అంటే జన్యువుల, ప్రోటీన్ల డేటాని కంప్యూటర్‌తో విశ్లేషించడం నేర్చుకుని, ఈ జబ్బు మీద పరిశోధన చేయాలని నా కోరిక. నాన్న బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. హైదరాబాద్‌లో ఉన్న మావయ్య ‘అది సాఫ్ట్‌వేర్ లాంటిదే, మంచి ప్యాకేజీ వస్తుంది’ అంటున్నాడు. ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు ఏడాదికి రెండు లక్షల ఫీజు, వంద శాతం ప్లేస్‌మెంట్ అని చెప్పారు. తోట తాకట్టు పెట్టయినా చదివిస్తానని నాన్న అంటున్నారు గానీ, ఆయనకి మనసులో ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. నాకు కోడింగ్ అసలు రాదు. ఏఐ వచ్చాక ఈ చదువుకి విలువ ఉండదని మా క్లాస్‌మేట్ అంటోంది. రాత్రుళ్లు ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు:

అమ్మా, ముందు తోట సంగతి తేల్చేద్దాం. తోట తాకట్టు పెట్టొద్దు. 2018లో తిత్లీ తుపానుకి మీ కవిటి వైపు ఉద్దానం ప్రాంతంలో కొబ్బరిచెట్లు ఎలా కూలిపోయాయో, మళ్లీ మొక్క వేసి కాపు కోసం ఎన్నేళ్లు కాచుకోవాల్సి వచ్చిందో నీకు నేను చెప్పక్కర్లేదు. ఒక బ్రోషర్ చూసి అలాంటి తోటని పణం పెట్టే అవసరం ఈ చదువుకి లేదు. ఇదే డిగ్రీని చాలా తక్కువ ఫీజుకి చెప్పే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలున్నాయి. ఒకవేళ అప్పే చేయాల్సి వచ్చినా, ఏడున్నర లక్షల దాకా ఆస్తి హామీ లేకుండా విద్యారుణం ఇచ్చే పద్ధతి బ్యాంకుల్లో ఉంది. ముందు దాన్ని అడగండి.

ఆ వంద శాతం ప్లేస్‌మెంట్ గురించి కూడా ఒక మాట. ఆ కాలేజీకి ఫోన్ చేసి, నిరుడు బయటికొచ్చిన బ్యాచ్‌లో ఎంతమంది ఉన్నారు, ఇప్పుడు ఎవరెవరు ఎక్కడ ఏ పని చేస్తున్నారు అని అడుగు. చాలాచోట్ల తీగ లాగితే బయటపడేది మెడికల్ కోడింగ్. అది మంచి ఉద్యోగమే. మన జిల్లాల పిల్లలు ఎంతోమంది హైదరాబాద్‌లో, చెన్నైలో ఆ పని చేసి ఇళ్లు నిలబెడుతున్నారు. కానీ పేరులో కోడింగ్ ఉన్నంత మాత్రాన అది ప్రోగ్రామింగ్ అయిపోదు. అమెరికాలో ఒక రోగి ఆస్పత్రి రికార్డు చదివి, జబ్బుకీ చికిత్సకీ బీమా కంపెనీ వాళ్లకి కావాల్సిన కోడ్ వేయడం ఆ పని. దానికి నీ బీఎస్సీ చాలు. నాలుగు లక్షలు, రెండేళ్లు ఖర్చుపెట్టించి అదే కుర్చీలో కూర్చోబెట్టి, దాన్ని బయోఇన్ఫర్మాటిక్స్ ప్లేస్‌మెంట్ అని లెక్క రాసుకుంటే ఎలా?

ఇక అసలు విషయం. ఈ చదువు నీకు నప్పుతుందో లేదో మావయ్య చెప్పలేడు, నేనూ చెప్పలేను. కానీ సీటు రాకముందే, రూపాయి కట్టకముందే నువ్వే తేల్చుకోవచ్చు. సర్జన్ కావాలనుకున్న పిల్ల ‘ముందు ఒకరిని కోసి చూస్తాను, నచ్చితే చేరతాను’ అంటే ఎవరూ ఒప్పుకోరు. ఈ రంగంలో ఆ వీలుంది. ప్రపంచంలోని పెద్ద ల్యాబులు వాడే డేటాలో ఎంతో భాగం శ్రీకాకుళం హాస్టల్ గదిలో ఉన్న నీకూ ఉచితమే. అందుకని నా సలహా ఒకటే: మూడు నెలలు ఈ పని చేసి చూడు, ఆ తర్వాత ఏ అప్లికేషన్ నింపాలో నిర్ణయించుకో.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను. జన్యు డేటాని అందరికీ ఉచితంగా పెట్టే అమెరికా సంస్థ ఎన్‌సీబీఐ వాళ్ల వెబ్‌సైట్లో వూహాన్ నుంచి వచ్చిన మొదటి కరోనా జీనోమ్, అంటే ఆ వైరస్ జన్యు అక్షరాల పూర్తి వరస, ఉంటుంది. దాన్ని ఫాస్టా ఫైలుగా, అంటే అక్షరాలు మామూలు టెక్స్ట్‌లా ఉండే ఫైలుగా, డౌన్‌లోడ్ చెయ్యి. మొత్తం 29,903 అక్షరాలు. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే గుడ్‌మార్నింగ్ ఫొటో కంటే చిన్న ఫైలు, నీ ఫోన్ డేటాకి లెక్కే కాదు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి లైన్లో పేరు, ఆ కింద ఏ, టీ, జీ, సీ అనే నాలుగక్షరాలే పేజీల కొద్దీ. అట్టడుగుకి వెళ్తే వరసగా ముప్పైసార్లకి పైగా ‘ఏ’ అక్షరమే కనిపిస్తుంది. ఇప్పుడు యూట్యూబ్‌లోనో స్వయం పోర్టల్లోనో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదటి పాఠాలు చూసి, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే చిన్న ప్రోగ్రామ్ రాయి. అయిదారు లైన్లకి మించదు. జీ, సీ రెండూ కలిపి 38 శాతం దగ్గర వస్తే దారిలో ఉన్నట్టు.

మొదటిసారి సరిగ్గా రాదు. మొత్తం 29,903 బదులు అయిదు వందలకి పైగా ఎక్కువ చూపిస్తుంది. ఎందుకని గంటసేపు తల పట్టుకుంటావు. పై లైన్లో ఉన్న పేరుని కూడా అది లెక్కేసింది, ప్రతి లైను చివరా కంటికి కనపడకుండా ఉండే గుర్తుని కూడా లెక్కేసింది. ఆ రెండూ తీసేస్తే నంబరు అతికినట్టు సరిపోతుంది. ఆ గంటసేపూ నీకు విసుగొచ్చిందా, లేక అన్నం బెల్లు కొట్టినా లేవబుద్ధి కాలేదా అన్నది జాగ్రత్తగా గమనించుకో. ప్రాస్పెక్టస్‌లో దొరకని సమాచారం అది.

ఇంకొకటి కూడా గమనించు. కరోనా ఆర్‌ఎన్‌ఏ వైరస్. ఆర్‌ఎన్‌ఏలో టీ బదులు యూ ఉంటుందని ఇంటర్ నుంచీ చదువుతున్నాం. మరి ఆ ఫైల్లో యూ ఒక్కటైనా లేదేం? ఈ అనుమానం నేను చెప్పకముందే నీకు వచ్చి ఉండేదా? ఆర్‌ఎన్‌ఏని ముందు డీఎన్‌ఏగా మార్చి సీక్వెన్స్ చేస్తారు, అంటే అక్షరాల వరస చదువుతారు, డేటాబేసుల్లోనూ టీ అనే రాయడం ఆనవాయితీ. జవాబు చిన్నదే. అయినా ఆ చోట ఆగి ‘ఇదేంటి ఇలా ఉంది’ అనుకునే పిల్లలే ఈ పనిలో నిలబడతారు. కోడింగ్ ఆరు నెలల్లో ఎవరికైనా వస్తుంది. ఈ అనుమానపు గుణం మాత్రం సిలబస్‌లో ఉండదు.

రెండో అభ్యాసం మన కొండలకి దగ్గరది. సీతంపేట, పాడేరు వైపు గిరిజనుల్లో సికిల్ సెల్ ఎనీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉందని నీకు తెలుసు. 2047 నాటికి ఆ జబ్బుని లేకుండా చేయాలని 2023 జులైలో కేంద్రం ఒక మిషన్ కూడా మొదలుపెట్టింది. హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ ప్రోటీన్ జన్యువులో ఒక్క అక్షరం మారి, జీఏజీ కాస్తా జీటీజీ అవుతుంది. దాంతో ప్రోటీన్లో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వేలిన్ వచ్చి కూర్చుంటుంది. నీ జువాలజీ పుస్తకంలో అది ఆరో స్థానం అని ఉంటుంది. ఇప్పుడు యూనిప్రాట్ అనే డేటాబేస్‌లో పీ68871 అని కొట్టి ఆ ప్రోటీన్ తెరువు. మొదటి అక్షరాలు ఎం, వీ, హెచ్, ఎల్, టీ, పీ, ఈ, ఈ. ‘ఈ’ అంటే గ్లుటామిక్ ఆమ్లం. వేలు పెట్టి లెక్కపెట్టు. ఆరోది పీ. గ్లుటామిక్ ఆమ్లం ఏడోది.

పుస్తకం తప్పా, డేటాబేస్ తప్పా? రెండూ ఒప్పే. ప్రోటీన్ తయారవుతున్నప్పుడు మొదట వచ్చే మెథియొనిన్‌ని, అంటే ఆ ఎం ని, కణం కత్తిరించి పారేస్తుంది. పాతకాలం శాస్త్రవేత్తలు రక్తంలోంచి తీసిన ప్రోటీన్‌ని చదివారు కాబట్టి వీ దగ్గర ఒకటి అన్నారు. ఇప్పటి పద్ధతి జన్యువుని బట్టి నడుస్తుంది కాబట్టి ఎం దగ్గర ఒకటి అంటుంది. ఇందులో అసలు ప్రమాదం ఎక్కడుందో చూడు. ఏడో స్థానం పక్కనే ఎనిమిదో స్థానంలో కూడా ‘ఈ’ అక్షరమే ఉంది. కొత్త రిపోర్టులో ఏడు అని చూసి, పాత పద్ధతిలో వీ నుంచి లెక్కపెట్టావనుకో, తప్పు చోటికి వెళ్లినా అక్కడా గ్లుటామిక్ ఆమ్లమే కనిపిస్తుంది. అక్షరం సరిపోయింది కదా అని ముందుకెళ్లిపోతావు. తప్పు జరిగినట్టే తెలియదు. జెనెటిక్ ల్యాబులో రిపోర్టు రాసేవాళ్ల కష్టమంతా ఇలాంటి చోట్లే ఉంటుంది. చుట్టాలింట్లో పెళ్లిలో ‘నువ్వు చేసే పనేంటమ్మా’ అని ఎవరైనా అడిగితే నేను ఇదంతా చెప్పను. కంప్యూటర్ పని అని తప్పించుకుంటాను.

లాప్‌టాప్ గురించి భయపడకు. గూగుల్ కోల్యాబ్‌లో ప్రోగ్రామ్‌లు వాళ్ల కంప్యూటర్ల మీదే నడుస్తాయి. గెలాక్సీ అనే ఉచిత వేదికలో పెద్ద పెద్ద విశ్లేషణలు కూడా బ్రౌజర్‌లోనే చేయొచ్చు. రోజలిండ్ అనే సైట్లో జీవశాస్త్రం లెక్కలు ఒక్కొక్కటిగా ఇచ్చి ప్రోగ్రామ్ రాయిస్తారు. మొదటి లెక్క ఇప్పుడు నేను చెప్పిన అక్షరాలు లెక్కపెట్టే పనే. రోజుకి గంట కూర్చుంటే చాలు. సెమిస్టర్ పరీక్షలప్పుడు ఆపెయ్, ఏం కాదు. ఇంగ్లిష్ గురించి దిగులొద్దు. ఈ పనిలో చదవగలిగితే సగం గట్టెక్కినట్టే, మాట్లాడటం తర్వాత వస్తుంది.

నువ్వు కోడింగ్ గురించి భయపడ్డావు గానీ, బైపీసీ పిల్లలకి నిజంగా అడ్డొచ్చేది లెక్కలు. అందులోనూ స్టాటిస్టిక్స్. మనిషిలో ప్రోటీన్ తయారుచేసే జన్యువులు సుమారు 20,000. జబ్బు ఉన్నవాళ్లలో, లేనివాళ్లలో ఒక్కో జన్యువు ఎంత చురుగ్గా ఉందో పోల్చి, పీ-వాల్యూ (నిజంగా తేడా లేకపోయినా అలాంటి ఫలితం కాకతాళీయంగా వచ్చే అవకాశం) 0.05 కంటే తక్కువ వచ్చినవన్నీ ముఖ్యమైనవని రాసేశావనుకో. నిజంగా ఏ తేడా లేకపోయినా, కేవలం కాకతాళీయంగా వెయ్యి జన్యువులు ఆ జాబితాలోకి వచ్చేస్తాయి. 20,000లో అయిదు శాతం ఎంతో నువ్వే వేసుకో. ఆ వెయ్యిలోంచి మనకి నచ్చిన పేరు ఒకటి పట్టుకుని కథ అల్లేస్తే థీసిస్ అయిపోతుంది, నిజం మాత్రం అందులో ఉండదు. దాన్ని సవరించే పద్ధతి 1995 నుంచీ ఉంది, సాఫ్ట్‌వేర్‌లో ఒక్క మాటలో అయిపోతుంది. కానీ ఎందుకు సవరించాలో తెలియకపోతే ఆ ఒక్క మాటా గుర్తురాదు. అందుకే సంభావ్యత, లాగరిథమ్, మాత్రికలు, ఈ మూడూ ఇంటర్ ఎంపీసీ పుస్తకం తీసుకుని ఇప్పట్నుంచే చదువు. హాస్టల్లో ఎంపీసీ చదివిన అమ్మాయి ఒకరైనా ఉంటుంది, రాత్రిపూట పక్కన కూర్చోబెట్టుకో. కొన్ని యూనివర్సిటీలు ఇంటర్‌లో గానీ డిగ్రీలో గానీ లెక్కలు ఉండాలని అడుగుతాయి. అర్హతల పేరా చదవకుండా ఫీజు కట్టొద్దు.

ఏఐ సంగతికొస్తే, మీ క్లాస్‌మేట్ మాటలో నిజం ఉంది. ప్రోటీన్ ఏ ఆకారంలో ముడుచుకుంటుందో చెప్పడం యాభై ఏళ్ల చిక్కుముడి. 2020లో ఆల్ఫాఫోల్డ్ దాన్ని చాలావరకు విప్పేసింది. దాన్ని తయారుచేసిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, కొత్త ప్రోటీన్లను డిజైన్ చేసిన డేవిడ్ బేకర్‌తో కలిపి 2024లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. ఇప్పుడు 20 కోట్లకి పైగా ప్రోటీన్ ఆకారాలు ఎవరైనా చూసుకునేలా ఆన్‌లైన్లో ఉన్నాయి. ఒకప్పుడు ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా ఆరు నెలలు చేసిన పని ఇప్పుడు సెర్చ్ పెట్టెలో పేరు కొట్టినంత సేపు. కోడ్ రాసే ఏఐలు కూడా వచ్చేశాయి, అవి నీకు సాయమే చేస్తాయి. కానీ ఇందాకటి ఆరో స్థానం, ఏడో స్థానం లాంటి తిరకాసులో ఏఐ కూడా ధీమాగా తప్పు చెప్పేయగలదు. పట్టుకునేవాళ్లు కావాలి. పైగా ఆల్ఫాఫోల్డ్ ఆకారం చెప్తుంది గానీ, కవిటిలో ఒక ఇంట్లో ముగ్గురికి జబ్బొచ్చి పక్కింట్లో ఎవరికీ ఎందుకు రాలేదో చెప్పదు.

ఇక్కడే నాకున్న ఒక చిరాకు కూడా చెప్పేస్తాను. మన దగ్గర చాలా కాలేజీల్లో ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు అంటే డాకింగ్. ఏదో మొక్కలోని రసాయనం పేరు ఒకటి, ఏదో జబ్బుకి సంబంధించిన ప్రోటీన్ పేరు ఒకటి తీసుకుని, రెండూ ఎంత గట్టిగా అతుక్కుంటాయో సాఫ్ట్‌వేర్‌లో చూడటం. స్కోరు మైనస్ ఎనిమిదో తొమ్మిదో వస్తుంది, ‘ఈ మొక్క ఈ జబ్బుకి మందు కావచ్చు’ అని బైండింగ్ చేయించి ఇచ్చేస్తారు. ల్యాబులో ఎవరూ పరీక్షించరు. నిరుటి సీనియర్ తులసి చేస్తే ఈ ఏడు జూనియర్ వేప చేస్తుంది. డాకింగ్ పనికిరాని పద్ధతని కాదు, మందుల కంపెనీలు రోజూ వాడతాయి. కానీ ఒక డిపార్ట్‌మెంట్‌లో పది మంది ప్రాజెక్టులూ అవే అయితే అక్కడ చేరొద్దు. చేరేముందు ఆ వెబ్‌సైట్లో ప్రాజెక్టుల పేర్లు చూడు, అధ్యాపకులు ఏం ప్రచురించారో చూడు, లింక్డిన్‌లో అక్కడ చదివిన ఇద్దరు ముగ్గురిని వెతికి మర్యాదగా ఒక మెసేజ్ పెట్టు. అందరూ కాకపోయినా ఎవరో ఒకరు జవాబిస్తారు. ఆఖరి సెమిస్టర్లో బయటి పరిశోధన సంస్థకి పంపే చోటైతే సగం నిశ్చింత. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. అలాంటి చోట ఒక్క సెమిస్టర్ కూర్చున్నా నీ బయోడేటాకి బరువు వస్తుంది.

ఎక్కడ చదవాలంటే: పుదుచ్చేరి విశ్వవిద్యాలయం, పంజాబ్, దక్షిణ బిహార్ కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఈ ఎమ్మెస్సీ ఉంది, వాటికి దారి క్యూట్-పీజీ పరీక్ష. పుణెలో సావిత్రీబాయి ఫూలే విశ్వవిద్యాలయం వాళ్ల బయోఇన్ఫర్మాటిక్స్ కేంద్రం దేశంలో పాతవాటిలో ఒకటి. దానికి వేరే ఎంట్రన్స్ రాయాలి. బెంగళూరులో ఐబీఏబీ అనే సంస్థ కూడా పేరున్న చోటు. ఇంటికి దగ్గర్లో ఉండాలనుకుంటే ఇంకో దారి ఉంది. డిగ్రీ పేరు బయోఇన్ఫర్మాటిక్స్ కాకపోయినా ఫరవాలేదు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో హ్యూమన్ జెనెటిక్స్ ఎమ్మెస్సీ ఉంది. అలాంటిది ఏపీ పీజీసెట్‌తో చేరి, కంప్యూటర్ పనిని పక్కన సొంతంగా నేర్చుకుంటూ ఈ రంగంలోకి వచ్చినవాళ్లు తక్కువేం కాదు. జీవశాస్త్రం గట్టిగా ఉన్న పిల్ల కోడింగ్ నేర్చుకోవడం చూశాను. జీవశాస్త్రం పైపైన చదివి కోడింగ్ మాత్రమే నేర్చుకున్నవాళ్లు ఇటు సాఫ్ట్‌వేర్ వాళ్లకీ అటు ల్యాబు వాళ్లకీ కొరగాకుండా మిగిలిపోవడమూ చూశాను.

మీ మావయ్య అన్న ప్యాకేజీ మాట పక్కన పెట్టు. ఇది సాఫ్ట్‌వేర్ లాంటిది కాదు. ఎమ్మెస్సీ ఒక్కదానితో వచ్చే మొదటి ఉద్యోగం జెనెటిక్ పరీక్షల ల్యాబులోనో, మందుల కంపెనీలకి పరిశోధన చేసిపెట్టే సంస్థలోనో, ప్రభుత్వ ప్రాజెక్టులోనో ఉంటుంది. జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన మీ ఇంటర్ ఫ్రెండ్ జీతం కంటే తక్కువే ఉండొచ్చు. ప్రాజెక్టు ఉద్యోగాలు ఏడాది, రెండేళ్లకి రెన్యూవల్ అవుతాయి, అవకపోనూ వచ్చు. నిలకడ కావాలంటే పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. దానికి సీఎస్‌ఐఆర్ నెట్‌లో లైఫ్ సైన్సెస్ పేపర్ రాసి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకి 37,000, దానిపైన ఇంటద్దె ఇస్తారు. ఇదంతా ఇష్టమైతేనే సాగే దారి. ప్యాకేజీ కోసమైతే మధ్యలో విసిగిపోతావు.

నాన్నగారి మాట కొట్టిపారేయొద్దు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాక ఏ తండ్రైనా బీఈడీ అనే అంటారు. ఆయనకి ధైర్యం చెప్పే విషయం ఒకటుంది. స్కూల్ అసిస్టెంట్ బయాలజీకి కావాల్సింది డిగ్రీ, బీఈడీ, టెట్. అవి నీ బీఎస్సీ మీద నడుస్తాయి కాబట్టి ఎమ్మెస్సీ ఏది చేసినా ఆ తలుపు మూసుకుపోదు, రెండేళ్లు ఆలస్యమవుతుందంతే. కానీ జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ పోస్టులు బోటనీ, జువాలజీ అని సబ్జెక్టు పేరుతో పడతాయి. బయోఇన్ఫర్మాటిక్స్ ఎమ్మెస్సీ పట్టుకెళ్తే అక్కడ చిక్కొస్తుంది. లెక్చరర్ కావాలన్న కోరిక నీకు ఏ మూలనైనా ఉంటే అది ఇప్పుడే చూసుకో. ఈ తేడా చేరాక తెలిసి బాధపడేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

ఇక ఉద్దానం కిడ్నీ జబ్బు. నీ ఉత్తరంలో నన్ను ఆపింది అదే. ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. నీళ్లలో సిలికా, భారలోహాలు, పురుగుమందులు, మండుటెండలో నీళ్లు తాగకుండా పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, అన్నీ అనుమానితుల జాబితాలోనే ఉన్నాయి. శ్రీలంకలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా ఒకే కారణం దొరకలేదు. జన్యువుల పాత్ర ఎంత అని చూడాలంటే జబ్బున్నవాళ్లవీ లేనివాళ్లవీ వందల నమూనాలు కావాలి. నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు, నీళ్ల కెమిస్ట్రీ తెలిసినవాళ్లు, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త, అందరూ కలిసి తెచ్చిన డేటా నీ దగ్గరికి ఆఖర్లో వస్తుంది. బయోఇన్ఫర్మాటిక్స్ చదివినామె ఆ జట్టులో ఒకరు, అంతే. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు కింద సీక్వెన్స్ చేసిన 10,000 మంది భారతీయుల జీనోమ్‌ల డేటాని 2025 జనవరిలో పరిశోధకులకి అందుబాటులోకి తెచ్చారు కాబట్టి, పోల్చి చూడటానికి మన దేశం లెక్కలే ఇప్పుడు ఉన్నాయి. పదేళ్ల కిందట ఆ సౌకర్యం లేదు.

కానీ ఇంకో మాట ఆలోచించు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. అప్పుడే హిరమండలం రిజర్వాయర్ నుంచి ఉద్దానానికి తాగునీటి పథకం కూడా ప్రారంభించారు. పైపు నీళ్లు వచ్చిన ఊళ్లలో కొత్త కేసులు తగ్గుతున్నాయా లేదా? మీ పెదనాన్నగారి పిల్లల విషయంలో అందరికంటే ముందు తెలియాల్సింది ఇదే. దీనికి జీనోమ్ అక్కర్లేదు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ పరీక్షల లెక్కలు ఊరివారీగా ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో రాసి, వలస వెళ్లినవాళ్లనీ చనిపోయినవాళ్లనీ సరిగ్గా లెక్కేసి, ఆ అంకెల్ని చదవగలిగినవాళ్లు కావాలి. దాన్ని ఎపిడెమియాలజీ అంటారు. పబ్లిక్ హెల్త్‌లో పీజీ, ఎంపీహెచ్ అని, కొన్నిచోట్ల సైన్స్ డిగ్రీ వాళ్లకీ ఇస్తారు. మూడు నెలల్లో కరోనా ఫైలు కంటే ఈ ప్రశ్నే నీ నిద్ర చెడగొడుతోందని అనిపిస్తే, నీ దారి అటువైపు ఉండొచ్చు. నేర్చుకున్న స్టాటిస్టిక్స్ అక్కడా పనికొస్తుంది, పైథాన్ కూడా వృథా పోదు.

తేదీలు చూసుకో. క్యూట్-పీజీ నోటిఫికేషన్ ఈమధ్య డిసెంబరు, జనవరిల్లో వస్తోంది, పరీక్ష మార్చిలో ఉంటోంది. అప్లికేషన్లో బీసీ పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది ఒక కాగితం దగ్గర. మనకి సచివాలయంలో మామూలుగా ఇచ్చే కుల ధ్రువపత్రం కేంద్ర విశ్వవిద్యాలయాల్లో చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో నాన్ క్రీమీలేయర్ ఓబీసీ సర్టిఫికెట్ వేరే తీసుకోవాలి, దాని ఆర్థిక సంవత్సరం కూడా చూస్తారు. రాష్ట్రంలో బీసీ జాబితాలో ఉండి కేంద్రం జాబితాలో లేని కులాలు మన జిల్లాలో ఉన్నాయి. మీది ఉందో లేదో జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైట్లో ముందే చూసుకో. మీకు వర్తిస్తే ఈసారి ఊరెళ్లినప్పుడు నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లి అర్జీ పెట్టు. తహసీల్దార్ ఆఫీసులో సంతకం అవడానికి రోజులు పడుతుంది, ఆఖరి వారంలో పరుగెత్తితే పని అవదు.